మూగచేను

మారెక్క అని ఒక మనిషి ఉండె, తంగేడుకొండ పాళెంలో. ఆడమనిషే గానీ నగారా కొట్టేది. నవ్వద్దండి, నిజంగానే కొట్టేది. మొగుడు పోలన్న ఉన్నన్నాళ్ళూ ఆయప్పే కొట్టె. ఆయప్ప చలిజరమొచ్చి పొయినాక ఇంట్లో ఇంకో మొగదిక్కు లేదు, ఉండేది ఒక్క కూతురు, పుల్లమ్మ. దాయాదులుంటే ఉండ్రి, యాడో దూరాన. అప్పుడు ఆ పాళెం దొర, గంగులప్ప నాయుడని, ఆయప్ప ఏమన్నాడంటే, పుల్లికి ఇల్లరికం అల్లున్ని తెచ్చుకునేదాకా నువ్వే కొట్టు మారీ, నగారాకి ఆడా మొగా తెల్సా, దానికి తెలిసేది దెబ్బే గదా అన్నాడంట. సరేనని ఆ యమ్మ కొంగు బిగిచ్చి కొండెక్కింది. ఆ నగారా ఎంత ఉంటాదనుకున్న్యారు? ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకుంటే అందేది కాదు. ఇనప గంగాళం, దాని మూతికి దున్నపోతు తోలు. మొదటి దినం కొట్టేసరికి అరచేతులు బొబ్బలెక్కి, సంగటి ముద్ద పుల్లమ్మ పెడితే తినిందంట. ఏడాది తిరిగేసరికి, ఆ యమ్మ కొడితే ఇన్నోళ్ళు పోలన్న లేచొచ్చినాడేమో అనుకునేవాళ్ళంట.

ఇంగ ఈ నగారా ఎందుకో చెప్పాల మీకు, లేకుంటే కత తలకెక్కదు. ఆ కాలంలో కలెక్టర్లు, తాసిల్దార్లు యాడుండారు? కొండకొక పాళెం, పాళేనికొక దొర. ఆ తట్టు వరసగా నాలుగు కొండలనుకో. పడమటి కొసన రేకులకొండ, దాని పక్క ఉడుములకొండ, దాని పక్క మన తంగేడుకొండ, తూర్పు కొసన గువ్వలకొండ. నాలుగిటికీ నలుగురు దొరలు. ఒకరికొకరికి పడేదిలే. కుంట నీళ్ళకి కొట్టుకుంటారు, గొర్రెల మేపుకి కొట్టుకుంటారు, జాతరలో ఎవురి బండి ముందు పోవాలో దానికీ తలకాయలు పగలగొట్టుకుంటారు. కొట్టుకుంటారు గానీ ఒక్క కట్టుబాటు మాత్రం తాతల నాటినుంచి తప్పలా. ఏందంటే, ఏ పాళెం మీదికైనా బయటి దండొస్తే ఆ కొండ మీద నగారా మోగాల. ఆ మోత చెవిన పడితే పక్క కొండ మీద ఉండేవాళ్ళు కొట్టాల. దొరని అడిగే పనిలే, ఎవురొచ్చిరి ఎంతమందొచ్చిరి అని ఇచారించే పనిలే, కూడు తింటాంటే ఎంగిలిచేత్తోనే లేచి కొట్టాల. మోత ఇన్న దొర ఉండే కయ్యాలన్నీ పక్కన పెట్టి మనుషుల్నేసుకోని దిగాల. దిగలేదనుకో, వాని ఇంటికి పిల్లనియ్యరు, వాని ఇంట్లో పీనుగు లేస్తే మోసేదానికి రారు. అంత గట్టిది ఆ కట్టుబాటు.

ఇట్లుండగా ఏమైందంటే, ఇంకా పడమటికి, జిల్లెళ్ళకోటలో సిద్దప్ప నాయుడని ఒకడు లేసినాడు. వాళ్ళ నాయన కాలంలో అదిగూడా ఒక చిన్న పాళెమే, జాతరలో వాళ్ళ బండి అందరికంటే ఎనక పోయేది. ఈ సిద్దప్ప ఏం జేసినాడంటే కనుమ పట్టుకున్న్యాడు. కనుమంటే కొండల నడిమి దోవ. ఉప్పొచ్చినా, ఇనుమొచ్చినా, గుర్రమొచ్చినా ఆ దోవనే రావాల. దోవ చేతిలో ఉంటే ఇంగేం గావాల? గుర్రాలు ముందు ఆయప్ప కొంటాడు, మిగిలిన కుంటివి పక్కోళ్ళు కొంటారు. ఒక పాళెం మేనమామదని కలుపుకున్న్యాడు. ఇంకో పాళెంలో బావ సచ్చిపోతే, చెల్లెలికి తోడుగా ఉంటానని పోయి కూచున్న్యాడు, మళ్ళ లేయలా. అట్ల పెరిగి పెరిగి ఒక దినం మున్నూరు గుర్రాలతో ఉడుములకొండ మీదికొచ్చినాడు. ఉడుములకొండ నగారా మోగింది. ఈ పక్క రేకులకొండ, ఆ పక్క తంగేడుకొండ, కొసన గువ్వలకొండ, నాలుగూ మోగినాయి. మారెక్క ఆ పొద్దు గుక్కెడు నీళ్ళు తాగకుండా కొట్టింది. నాలుగు తట్లనుంచి జనం దిగేసరికి సిద్దప్పకి దోవ కనపళ్ళా. నలభైమంది పడిపోయిరి, సొంత తమ్ముడు పడిపాయె, పీనుగుని గూడా ఎత్తుకోలేక పారిపాయె. ఇక్కడ మనోళ్ళు మేకలు కోసుకోని కల్లు తాగి, మాయంత మగోళ్ళు లేరని మీసాలు దువ్వుకున్న్యారు. సిద్దప్ప మాత్రం కోటకి పోయి మూన్నాళ్ళు తలుపేసుకోని కూచున్న్యాడంట. నాలుగోనాడు ఏమన్నాడంటే, నన్ను కొట్టింది వాళ్ళ కత్తులు గాదురా, ఆ నాలుగు తోలుముక్కలు అన్నాడంట. చూడండి, గెలిచినోడు తాగి పడుకుంటే, ఓడినోడు కూచోని ఆలోచన చేస్తాండాడు.

మరుసటేడు ఎండాకాలం మొదట్లో సిద్దప్ప మనిషొకడు తాంబూలం పట్టుకోని నాలుగు పాళేలకీ వచ్చినాడు. మాట చానా తీపి. జరిగిందేదో జరిగిపాయె, తమ్ముడు పొయినా నేను మనసులో పెట్టుకోలా, ఇంగ మనం మనం అన్నదమ్ముల మాదిరి ఉందాము, కనుమ తెరుస్తా, మీ ఉప్పుబండ్లు పోనిస్తా అన్నాడంట. దానికి గుర్తుగా ఏమడిగినాడో తెల్సునా? మా కోటలో నగారా కొట్టడం వచ్చినోళ్ళు లేరు, మీ నగారా ఇండ్లనుంచి ఇంటికొక బిడ్డని పంపండి, ఏడాది ఉండి మావాళ్ళకి నేర్పిస్తారు, కూడూ గుడ్డా నావి అన్నాడంట. నలుగురు దొరలూ ఉడుములకొండలో చేరి మాట్లాడుకున్న్యారు. అంతకుముందు ఏమేమి బయపడ్రి అనుకున్న్యారు, కొడుకుల్ని అడుగుతాడేమో, ఆడబిడ్డల్ని అడుగుతాడేమో, పశువుల మందలడుగుతాడేమో అని ఒక్కొక్కరికి కూడు దిగలా. తీరా అడిగింది డప్పోళ్ళ బిడ్డల్నంట. ఇంతేనా అని ఒకడు, పిచ్చోడే వీడు అని ఇంకోడు, పంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వినారంట. పంపకపోతే కనుమ మూస్తాడు, ఉప్పు లేదు. పంపితే మనకేం పాయె? ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ నలుగురిలో ఒక్కరన్నా ఆ ఇండ్లోళ్ళని పిలిచి, ఏమయ్యా మీరేమంటారు అని అడిగినోడు లేడు.

మారెక్కకి సంగతి తెలిసింది. తెలిసినాక ఇంట్లో కూచుంటాదా? పోయి కోట వాకిట్లో నిలబడింది, లోపలికి రానీరు గదా, గడప బయటనే. గంగులప్ప నాయుడు బయటికొచ్చి ఏం మారీ అన్నాడు. చెడ్డోడు గాదులే ఆయప్ప, కరువొచ్చినప్పుడు గాదెలు తెరిచినోడే. కానీ మంచోనికి బయమేస్తే వాని మంచితనం యాడికి పోతాదో వానికే తెల్దు. మారెక్క ఏం చెప్పిందంటే, దొరా, వాడు అడిగేది బిడ్డల్ని గాదు, మన నగారాల్ని అడుగుతాండాడు అనింది.

"మీ కొడుకుని అడిగింటే మీరొక్కరే బయపడుందురు, మోత మోగేది మోగతానే ఉండేది. నా బిడ్డని అడిగినాడు. మోత ఆగేది నాకాడ దొరా."

దొరకి ఆ మాట లోపల యాడో తగిలింది. తగిలినా ఏమన్నాడంటే, కన్నకడుపు నీది, అది మాట్లాడిస్తాంది నిన్ను, ఏడాదే గదా, కన్ను మూసి తెరిస్తే అయిపోతాది అన్నాడు. అప్పుడా యమ్మకి యాడలేని తెగువొచ్చింది. అట్లయితే మీ పాపని గూడా తోడు పంపండి దొరా, ఇద్దరూ కలిసి ఉంటారు, మీ పాపుంటే నాకూ దైర్యంగా ఉంటాది అనింది. అంతే, ఆయప్ప మొగం మారిపాయె. నీ పాపా నా పాపా ఒకటేనా అనేసి లోపలికి పొయినాడు. ఆ మాట ఇని వాకిట్లో ఉండే బంట్లు తలకాయలు దించుకున్న్యారంట.

పుల్లమ్మ పోయేదినం మారెక్క తలకి ఆముదం పెట్టి జడేసింది. పిల్లకి పదారో పదిహేడో ఏండ్లు, బాగా ఎదిగిన పిల్ల. దోవలోకి సజ్జరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టింది. ఆ పిల్ల ఏడవలా, ఊరికే ఏందమ్మా నేనేమన్నా అత్తగారింటికి పోతాండానా, మళ్ళేడు వానలకి వచ్చేస్తా గదా అని తల్లినే ఊరడించింది. రేకులకొండనుంచి చౌడప్ప అని ఒక ముసలాయన మనవడు, హనుమడు. ఉడుములకొండనుంచి నల్లప్ప కొడుకు. గువ్వలకొండనుంచి ఇంకో పిల్లోడు. ఈ పిల్లతో కలిపి నలుగురు. ఎద్దులబండిలో కూచోని పొయినారు. బండి మలుపు తిరిగేదాకా మారెక్క కొండ మీదినుంచి చూస్తానే ఉండింది. కిందికొచ్చినాక ఇంట్లో పొయ్యి రాజెయ్యలా.

ఆ తర్వాతనే ఉండాది సంగతి. సిద్దప్ప బెదిరిస్తే బాగుండు, అందరికీ తెలిసిపోయేది. వాడు బెదిరించలా. నెల తిరిగేసరికి ఒక మనిషొచ్చి రెండు బుట్టల కొర్రలు మారెక్క గడప కాడ దింపినాడు. నీ కూతురు బాగుంది, మా దొరసానికి తల దువ్వుతాంది, రోజూ నిన్నే తలుచుకుంటా ఉంటాది అని చెప్పినాడంట. పోతా పోతా, అమ్మా నువ్వు ఆడమనిషివి, ఆ కట్టెలు ఊరికే ఎత్తి చేతులు నొప్పి పుట్టిచ్చుకోవద్దు అని మా దొర చెప్పమన్నాడు అనేసి పొయినాడు. అంతే మాట. ఇంతకంటే ఇంగేం చెప్పాల? మారెక్క ఆ మాట ఎవురికీ చెప్పలా. ఎట్ల చెప్తాది? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడ్తాది. ఏటేటా వానలకి ముందు నాలుగు కొండల నగారావాళ్ళు ఒక తావ చేరి తోళ్ళు మార్చుకునేది ఆచారం. ఒకరు తోలు లాగితే ఇంకొకరు తాడు బిగించాల, ఒక్కరితో అయ్యే పని గాదు. ఆ ఏడూ చేరినారు. చౌడప్ప తాత వచ్చినాడు, నల్లప్ప వచ్చినాడు, గువ్వలకొండాయన వచ్చినాడు. ప్రతి ఏడూ ఆ పొద్దు నవ్వులే, పాటలే, ఎగతాళి మాటలే. ఆ పొద్దు మాత్రం తాళ్ళు లాగే సప్పుడు తప్ప ఏమీ లేదు. మారెక్కకి ఒక్కమాట అడగాలని నాలిక చివరి దాకా వచ్చింది. అన్నా నల్లన్నా, దండొస్తే నువ్వు కొడ్తావా అని. అడగలా. ఎందుకంటే ఆయప్ప, నువ్వు కొడ్తావా మరి అని తిరిగి అడిగితే ఏం చెప్పాల? అందరిండ్లకీ కొర్రల బుట్టలు వచ్చినాయని అందరికీ తెల్సు. ఎవురూ ఆ మాటెత్తలా. తోళ్ళు మాత్రం గట్టిగా బిగిచ్చినారు.

దొరలు మాత్రం తక్కువ తిన్న్యారా? వీళ్ళకి బుట్టలొస్తే వాళ్ళకి బండ్లొచ్చినాయి. ఒకనికి గుర్రం, ఒకనికి కత్తి, ఒకనికి జాతరలో మీ బండే ముందు పోతాదనే మాట. ఒకని సంగతి ఇంకొకనికి తెల్దు అనుకున్న్యారు. నేను మంచిగుంటే నా జోలికి రాడు, వచ్చినా ముందు రేకులకొండకి వస్తాడు, నాదాకా వచ్చేసరికి చానా కాలం పడ్తాది, అప్పటికి చూసుకుందాం అని ముగ్గురూ మూడు దిండ్ల మీద అదే లెక్కతో పడుకున్న్యారు. రేకులకొండ దొర గూడా నా జోలికి రాడనే అనుకున్న్యాడంట పాపం. ఆయప్ప ఏమనుకున్న్యాడంటే, నాది పక్కపాళెం, పక్కోనితో ఎవురన్నా తగువు పెట్టుకుంటాడా అని.

వానకాలం నడిమిన ఒక దినం, పొద్దు బారెడెక్కింది. రాత్రంతా వాన కొట్టి వెలిసింది, గాలి లేదు, కొండలన్నీ కడిగినట్టు దగ్గిరికొచ్చి కనిపిస్తాండాయి. మారెక్క కొండమీద నగారా కాడ కూచోని చాట్లో కంది బేడలు ఏరుకుంటాంది. అప్పుడు ఇనిపించింది. పక్క కొండ గాదు. ఆ పక్కది, రేకులకొండ. అంత దూరం మోత మామూలుగా ఇనపడదు, ఆ పొద్దు గాలి లేదు గదా, చిన్నగా, గోడ అవతల ఎవురో రోకలి పోటు ఏస్తాండట్టు ఇనపడింది. లేచి చూసింది. రేకులకొండ కింద పొగ. చౌడప్ప తాత కొడతాండాడు. ఆయప్ప మనవడు సిద్దప్ప కోటలో ఉండాడు, అయినా కొడతాండాడు. తన పాళెం తన కండ్ల ముందర కాలిపోతాంటే ఆ ముసలాయన ఇంగేం జేస్తాడు? మారెక్క కట్టెలు చేతికి తీసుకుంది. నగారా ముందర నిలబడింది. ఉడుములకొండ తట్టు చెవి పెట్టింది. నల్లప్ప కొట్టలా. ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు కొడతాడు అని చూస్తాంది. కొట్టలా. కట్టుబాటు ఏమి? పక్క కొండ మోగితే కొట్టాల. పక్క కొండ మోగలేదు. నాకు ఇనపడింది గదా అని మనసంటాది, అది పక్కకొండ గాదు గదా అని ఇంకో మనసంటాది. ఒక చెయ్యి లేస్తే పుల్లమ్మ జడ కనపడ్తాది. చెయ్యి దించితే ఆ మోత ఇనపడ్తాది. అట్ల ఎంతసేపు నిలబడిందో ఆ యమ్మకే తెల్దు. చెమటకి కట్టెలు చేతిలో జారిపోతాండాయంట.

అంతలో గంగులప్ప నాయుడు రొప్పుకుంటా కొండెక్కి వచ్చినాడు. ఆయప్ప ఎప్పుడూ కొండెక్కేవాడు గాదు. వచ్చి పొగని చూసినాడు, కట్టెలు పట్టుకోని నిలబడిన మారెక్కని చూసినాడు. ఆ రోకలిపోటు మోత ఆయప్పకీ ఇనపడ్తానే ఉండాది, చెవిటోడా ఏమన్నానా? ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్న్యారు. దొర అడిగినాడు.

"ఉడుములకొండ మోగిందా మారీ?"

"మోగలేదు దొరా."

"మోగలేదు గదా."

"లేదు దొరా."

అంతే. ఆయప్ప గుండెల్లో గాలి వదిలినట్టు అయిందంట, కండువాతో మొగం తుడుచుకోని కిందికి దిగిపొయినాడు. కొట్టు అని ఆయప్ప అనలా, కొట్టద్దు అనీ అనలా. మారెక్క కట్టెలు కింద పెట్టలా, నగారా మీద ఎయ్యనూలా. పొద్దు నడినెత్తికి వచ్చినాక ఆ మోత గతి తప్పింది. ఒక దెబ్బ, మళ్ళ చానాసేపటికి ఒక దెబ్బ. తర్వాత లేదు. నేను ఈ కత ఎన్నిసార్లు చెప్పినా ఈ తావకొచ్చేసరికి నాకు ఆ యమ్మ మీద కోపమొస్తాది, అంతలోనే పాపమనిపిస్తాది. మీరు గడ్డం కింద చెయ్యి పెట్టుకోని ఇంటాండారు, మీరైతే కొట్టిందురా? గుండె మీద చెయ్యేసుకోని చెప్పండి. ఊ, చెప్పరు.

పదినాళ్ళకి ఎద్దులబండి తిరిగొచ్చింది. పొయింది నలుగురు, వచ్చింది ముగ్గురు. సిద్దప్ప ముగ్గురికీ కొత్త గుడ్డలు పెట్టి, చేతులకి కడియాలేసి పంపినాడు. ఏడాది కాకముందే పంపేసినాడు, ఎందుకంటే వానికి ఇంగ వాళ్ళతో పని లేదు. మారెక్క ఎదురు పరిగెత్తి కూతురిని వాటేసుకోని ఏడ్చింది. పిల్ల కట్టె మాదిరి నిలబడి ఉంది. ఇంటికి తీసకపోయి కాళ్ళు కడిగి, కూడు పెట్టింది. పిల్ల తినలా. తిను తల్లీ, ఎంత చిక్కిపోయినావు అంటే అప్పుడు నోరు తెరిచింది. ఆ దినం కోటలో పన్నెండుమంది ముసలోళ్ళు తప్ప ఎవురూ లేరమ్మా అనింది. గుర్రాలన్నీ తోలుకపొయినాడు. పోతా పోతా వానివాళ్ళకి ఏమని చెప్పినాడంటే, రేకులకొండ మోగుతాది, మోగనీ, అది గాక ఇంకొక కొండ, ఏదైనా సరే, మోగిందంటే గుర్రాలు తిప్పేయండి, తమ్మున్ని పోగొట్టుకున్నది చాలు అన్నాడంట. ఊరి బయట వాములకి నిప్పు పెట్టి, వంకలో దిగి, చౌడప్ప తాత కొడతాంటే ఇంకో మోత వస్తాదేమోనని ఇంటా నిలబడినారంట. ఎంతసేపో నిలబడినారంట. వచ్చినాక గెలిచిన కుశాలలో వాళ్ళే చెప్పుకోని నవ్వినారు.

పిల్ల ఆపలా. మాకూ ఇనపడిందమ్మా తాత మోత, కోటకి దగ్గిరే గదా అనింది. మేము నలుగురం పశువుల కొట్టంలో కూచోని ఉన్న్యాము. హనుమన్న, ఇదో ఇప్పుడు నల్లప్ప మామ కొడతాడు, ఆ ఎనక మీ అమ్మ కొడతాది, చూస్తాండండి అని చెప్తానే ఉండె. తాత కొట్టినందుకు ఆ కావలి ముసలోళ్ళొచ్చి ఆయన్ని బయటికి లాగుతాంటే గూడా, రవ్వంతసేపు ఆగండన్నా, ఇంకోటి మోగుతాది అది ఇని వస్తా అన్న్యాడు. వాళ్ళు ఆగలా.

మారెక్క పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకోని, నేను కొట్టింటే నిన్ను గూడా లాగుందురు గదా నా తల్లీ అనింది.

"లాగుందురేమో అమ్మా. మేము నలుగురం దానికే సిద్ధపడి కూచున్న్యాము. నువ్వు కొడతావనుకున్న్యాము."

అంత చెప్పి పిల్ల గోడ తట్టు తిరిగి పడుకునింది. అప్పటినుంచి తల్లితో మాట్లాడితే, నీళ్ళు తెచ్చినా, కట్టెలు తెచ్చినా, అంతవరకే మాట.

ఇంగ తర్వాత ఏమైందంటే, మరుసటేడే సిద్దప్ప ఉడుములకొండ మీదికొచ్చినాడు. నల్లప్ప కొడుకు ఇంట్లోనే ఉండాడు, ఇంగ బయమేముంది? కొట్టినాడు నల్లప్ప, కొండలు పగిలిపోయేటట్టు కొట్టినాడు. మారెక్క ఆ మోత చెవిన పడీపడకముందే ఎగబడి కొట్టింది. గువ్వలకొండ కూడా మోగింది. మూడు నగారాలూ మోగినాయబ్బా, ముందుటి మాదిరే. చేతులు నెత్తురు కారతాంటే మారెక్క, ఇప్పుడు దిగుతారు, ఇప్పుడు దిగుతారు అని కింద కోట వాకిలి తట్టు చూస్తా కొట్టింది. వాకిలి తెరవలా. గంగులప్ప నాయుడు గుర్రానికి జీను ఏయించినాడంట, ఏయించి మళ్ళ తీయించినాడంట. రేకులకొండకి మనం పోలేదు, ఇప్పుడు మనం పోతే గువ్వలకొండోడు వస్తాడని ఏం నమ్మకం అన్నాడంట. గువ్వలకొండ దొర గూడా ఆ మాటే అన్నాడంట. నగారాలు పొద్దంతా మోగినాయి. ఒక్క మనిషి కొండ దిగలా. పక్కోడు రాడని ఒక్కసారి తెలిసినాక నగారా ఎంత మోగినా ఒకటే, గొడ్డు డొక్కలో గాలికి సమానం. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్న్యారు.

ఉడుములకొండ పడిపాయె, సిద్దప్ప తంగేడుకొండ దాకా వచ్చేసరికి కొట్లాట గూడా లేదు. గంగులప్ప నాయుడు తలపాగా తీసి చేతిలో పట్టుకోని, తాళాలు పళ్ళెంలో పెట్టుకోని ఎదురుపొయినాడు. పక్కింట్లో పీనుగుని చూసి తనింట్లో వాకిలి తీసినట్టు. సిద్దప్ప కోట వాకిట్లో మంచం ఏయించుకోని కూచోని, ఊరోళ్ళందర్నీ పిలిపించినాడు. పిలిపించి, ఈ కొండ నగారా ఎవురు అని అడిగినాడు. జనం పక్కకి తప్పుకున్న్యారు, మారెక్క ఒక్కటే నిలబడింది. సంపుతాడనే అనుకునింది, సంపితే మేలు అని గూడా అనుకునింది. సిద్దప్ప ఏం జేసినాడంటే, లేచి నిలబడి దండం పెట్టినాడు. ఊరంతా చూస్తాండారు, పుల్లమ్మ చూస్తాంది. ఏమన్నాడంటే, ఆ పొద్దు రేకులకొండ వంకలో నిలబడి నీ కొండ తట్టే చూస్తాంటినమ్మా, నువ్వు కొట్టింటే నేను గుర్రాలు తిప్పుకోని పోయిందును, ఈ పొద్దు ఈ మంచం మీద కూచోని ఉండను, నాకు నా గుర్రాలు చేసిన మేలు కంటే నీ చెయ్యి చేసిన మేలు పెద్దది అన్నాడు. అని ఒక పట్టుచీర తెప్పించి చేతిలో పెట్టి, కొండకింద చేను, ఇప్పటి లెక్కన ఎనిమిదెకరాలు, నీ ఇంటికి మాన్యం, నీ వంశముండేదాకా ఎవురూ అడగరు అని ఊరంతా ఇనేటట్టు చెప్పినాడు. తిట్టింటే తుడుచుకోవచ్చు, కొట్టింటే మానిపోయేది. ఆయప్ప మెచ్చుకున్న్యాడు. ఆ యమ్మ చీర కింద పారేస్తే తల పోతాది, పట్టుకుంటే ఇంకేదో పోతాది. పట్టుకునింది. నేనేమీ అనను, నేనైనా పట్టుకుందును.

ఆ దినమే పుల్లమ్మ ఇల్లు ఇడిచి పొయింది. కాలిపోయిన రేకులకొండలో హనుమడి తల్లి ఒక్కతే మొండిగోడల నడుమ బతుకుతాండె, ఆమె కాడికి పోయి ఆమెకి కూతురై ఉండిపొయింది. ఆ చేని గింజ ఒక్కటి గూడా తినలేదంట చచ్చేదాకా. మారెక్క ఆ చీర ఒక్కనాడూ కట్టలేదు గానీ చేను మాత్రం దున్నింది. దున్నక ఏం జేస్తాది, కడుపు ఊరుకుంటాదా? నగారా మళ్ళ ముట్టలా. ఆ యమ్మ పొయినాక చేను దాయాదులకి వచ్చింది. జనం దానికి మూగచేను అని పేరు పెట్టినారు. ఇప్పుడు గూడా పట్టా పుస్తకంలో అదే పేరు, కావాలంటే పోయి చూసుకోండి.

ఆ దాయాదులెవరంటారా? ఎవురో గాదు, మేమే. దొరలు పొయిరి, కోటలు పొయె, సిద్దప్ప వంశం గూడా ఏమైందో దీపం పెట్టే దిక్కు లేదు. చేను మాత్రం ఉండాది. మంచి చేను, కరువులో గూడా ఎండదు. ఇందాకటినుంచి మీరు నములుతాండే శెనక్కాయలు దాంట్లోవే. ఏమి, ఆపేసినారే? తినండి తినండి, చేనేం జేసింది పాపం.